ఎనిమిది వేల చుట్లు.. లెక్క తప్పకుండా!

ఫైనలియర్ ప్రాజెక్టు ఏం చేయాలా అని ఆలోచిస్తున్నారా? వెంట్రుకంత సన్నని రాగి తీగను తెగకుండా చుట్టే చిన్న యంత్రాన్ని ఇంట్లోనే తయారు చేసి చూడండి. గిటార్ వాయించడం రాకపోయినా ఫర్వాలేదు. మోటారు, సెన్సర్, ప్రోగ్రామ్, మెకానిజం అన్నీ ఒకే చెక్క పలక మీదకొచ్చే పని ఇది. పైగా ఇంటర్వ్యూలో ఎంత లోతుగా తవ్వినా చెప్పడానికి ఏదో ఒకటి మిగిలే ఉంటుంది.

1930ల మొదట్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచమ్ అనే గిటారిస్టుకు ఒక చిక్కొచ్చింది. బ్యాండులో మిగతా వాయిద్యాల హోరులో గిటార్ ఎవరికీ వినపడేది కాదు. తీగ కదలికను నేరుగా కరెంటు సిగ్నల్‌గా మార్చాలని పట్టుబట్టి, ఇంట్లో భోజనాల బల్ల మీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు. అందుకు అయస్కాంతాలు కావాలి, సన్నని తీగతో దగ్గరగా చుట్టిన కాయిల్ కావాలి. కాయిల్ చుట్టే యంత్రం కొనే పరిస్థితి లేదు. వాషింగ్ మెషిన్ మోటారు ఊడదీసి దానితో చుట్టాడని చెబుతారు. ఆయనకు సాయం చేసిన పాల్ బార్త్ మాత్రం, చివరికి కుట్టు మిషన్ మోటారు వాడామని గుర్తుచేసుకున్నాడు. ఆ కాయిల్‌తో వచ్చిందే ‘ఫ్రైయింగ్ పాన్’ అన్న ముద్దుపేరుతో పిలిచే రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటార్. అచ్చంగా మన పెనంలాగే ఉంటుంది. బీచమ్‌కు 1937లో పేటెంట్ దక్కింది.

అంటే ఇంట్లో చేసిన వైండింగ్ యంత్రం ఎలక్ట్రిక్ గిటార్‌తో పాటే పుట్టిందన్నమాట. తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. ఇవాళ పికప్‌ల తయారీలో పెద్ద పేరున్న సేమూర్ డంకన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు తన గిటార్ పికప్ పాడైతే, రికార్డ్ ప్లేయర్ మీద బిగించి తిరిగి చుట్టుకున్నాడు. రికార్డ్ నిమిషానికి 33 చుట్ల పైచిలుకు తిరుగుతుంది. ఆ లెక్కన 8,000 చుట్లు పూర్తవ్వాలంటే ఆపకుండా 4 గంటలు కూర్చోవాలి. 1976లో ఆయన పెట్టిన కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

కిలోమీటరు తీగ.. 30 గ్రాములు

పికప్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. ఇంటర్‌లో చదువుకున్న ఫారడే సూత్రమే. స్టీలు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగి కాయిల్. తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ కదులుతుంది, కాయిల్‌లో చిన్నపాటి వోల్టేజి పుడుతుంది. చుట్లు పెరిగితే వోల్టేజి పెరుగుతుంది. అయితే చుట్లతో పాటు నిరోధం, ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కూడా పెరుగుతాయి కాబట్టి ధ్వనిలో పదును తగ్గి మొద్దుబారుతుంది. ఎన్ని చుట్లన్నది ఇష్టమొచ్చినట్టు పెట్టేది కాకుండా లెక్కగా పెట్టేది అందుకే.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచమంతా తిరిగారు. ఎలక్ట్రిక్ మాండలిన్లలో సాధారణంగా తీగల కింద ఉండేదీ ఇలాంటి పికప్పే.

ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఒక్కో పికప్‌లో దాదాపు 8,000 చుట్లు ఉంటాయి. తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టుకు సగటున 14 సెంటీమీటర్ల తీగ పడుతుంది. గుణించి చూడండి, కిలోమీటరు దాటుతుంది. ఆ మొత్తం రాగి బరువు 30 గ్రాముల పైచిలుకే! నిరోధం సుమారు 6,000 ఓములు. ఇంత తీగను అగ్గిపెట్టెలో పట్టేంత వెడల్పున్న బాబిన్ మీద సర్దాలి. మనం చేయబోయే యంత్రం పని ఇదే.

షాపులో మొదటి పరీక్ష

పని మొదలుపెట్టే ముందు మీ ఊళ్లో మోటారు వైండింగ్ షాపుకి ఒకసారి వెళ్లండి. బోరు మోటారు కాలిపోతే రైతులు మోసుకొచ్చే షాపే. చేతితో తిప్పే వైండింగ్ మిషన్, దానికి పళ్లచక్రాలతో నడిచే కౌంటర్ అక్కడ కనిపిస్తాయి. మేస్త్రి ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి తీగ ఎలా జారుతోందో పది నిమిషాలు చూడండి. మనం ఫెల్ట్ ముక్కలతో, స్ప్రింగులతో చేయబోయే పని ఆయన వేళ్లే చేస్తుంటాయి.

వైరు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గిటార్ వాళ్ల పుస్తకాల్లో ‘42 గేజ్’ అని ఉంటుంది. షాపుకెళ్లి ‘అన్నా, నలభై రెండు గేజ్ వైరు ఉందా?’ అంటే ‘ఉంది తమ్ముడూ’ అని తీసిచ్చేస్తారు. తప్పు ఎవరిదీ కాదు. పుస్తకంలో ఉన్నది అమెరికన్ గేజ్, అంటే ఏడబ్ల్యూజీ. మన షాపుల్లో నడిచేది బ్రిటిష్ వాళ్ల ఎస్‌డబ్ల్యూజీ. ఎస్‌డబ్ల్యూజీ 42 అంటే 0.1 మిల్లీమీటరు పైనే. ఆ మందంతో 8,000 చుట్లు బాబిన్‌లో పట్టనే పట్టవు. మనకు కావాల్సింది ఎస్‌డబ్ల్యూజీ 46కు దగ్గర. గేజ్ నంబరు మానేసి మిల్లీమీటర్లలో అడగడం అన్నిటికంటే క్షేమం. ఇంత సన్న తీగ మోటారు షాపుల్లో తరచూ ఉండదు. రిలేలు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాళ్లను అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. ఎనామిల్ ఏ రకమో కూడా కనుక్కోండి. కొన్ని రకాలకు సోల్డరింగ్ ఐరన్ వేడి తగిలితే పూత దానంతటదే కరిగిపోతుంది. కొన్నిటికి బ్లేడుతో గీకాలి. వెంట్రుకంత తీగను గీకడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

చెక్క పలక మీద యంత్రం

ఇక తయారీ. మందపాటి ప్లైవుడ్ పలక, 8 మిల్లీమీటర్ల స్టీలు రాడ్డు, దాన్ని పట్టే రెండు 608 బేరింగులు (స్కేటింగ్ చక్రాల్లో ఉండేవే), రాడ్డు చివర ఒక గుండ్రటి చెక్క బిళ్ల. బిళ్లకు బాబిన్‌ను డబుల్ సైడ్ టేపుతో అంటించొచ్చు. తిప్పడానికి రోబోటిక్స్ పోటీల్లో వాడే 12 వోల్టుల గేర్ మోటారు, 1000 ఆర్పీఎంది, సరిపోతుంది. వేగం మార్చడానికి పీడబ్ల్యూఎం కంట్రోలర్. కుట్టు మిషన్ మోటారు, కాలి పెడల్ వాడితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయన్నది నిజమే. కానీ అది 230 వోల్టుల వ్యవహారం, పైగా వేగం మరీ ఎక్కువ. మొదటి యంత్రానికి 12 వోల్టులే మేలు. జుట్టు, చున్నీ, వదులు చొక్కా చేతులు తిరిగే షాఫ్ట్‌కు దూరంగా ఉంచండి.

మోటారును రెండు దిక్కులా తిప్పగలిగేలా స్విచ్ పెట్టండి. మూడు పికప్‌లున్న గిటార్లలో మధ్యదాన్ని ఎదురు దిక్కులో చుట్టి, అయస్కాంతాలనూ తిరగేసి పెడుతుంటారు. రెండు పికప్‌లు కలిపి మోగించినప్పుడు ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల ధ్వని మాత్రం కలుస్తుంది. గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ‘హంబకర్’ వెనకున్నదీ ఇదే ఉపాయం. ఆయన రెండు కాయిళ్లను ఒకే పికప్‌లో పెట్టాడు.

ఇంతవరకూ ఒక ఆదివారం పని. అసలు యుద్ధం ఇక్కణ్నుంచే.

తీగ ఎందుకు తెగుతుంది?

బాబిన్ గుండ్రంగా ఉండదు. పొడవుగా, పలచగా, కోలగా ఉంటుంది. చివరలు తిరిగొచ్చేటప్పుడు తీగను గబుక్కున లాగుతుంది, చదునైన వైపు వచ్చేసరికి లాగడం దాదాపు ఆపేస్తుంది. 6 సెంటీమీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల వెడల్పున్న బాబిన్ 1000 ఆర్పీఎంతో తిరుగుతోందనుకోండి. తీగ వేగం సెకనుకు 0.6 మీటర్ల నుంచి 3 మీటర్ల దాకా ఎగురుతుంది, మళ్లీ పడుతుంది. ఇలా ఒక్కో చుట్టులో రెండుసార్లు, అంటే సెకనుకు 33 సార్లు. ఆ తీగేమో 70-80 గ్రాముల బరువు వేలాడదీస్తే తెగిపోయేది. 2,900వ చుట్టు దగ్గర ‘టిక్’మని తెగిన శబ్దం కూడా వినపడదు. యంత్రం ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది.

చాలామంది మొదట చేసే పని తీగ రీలును ఇరుసుకు తగిలించి గిరగిరా తిరగనివ్వడం. బాబిన్ లాగడం ఆపినా రీలు తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది, తీగ వదులై చిక్కుపడుతుంది. మరుక్షణం బాబిన్ లాగితే బరువైన రీలు కదలదు, తీగ తెగుతుంది. అందుకే రీలును కదలకుండా నేల మీద నిలబెట్టి, తీగను దాని పైఅంచు మీదుగా తీయాలి. రీలు తిరగదు, తీగ మాత్రమే వస్తుంది. అక్కడి నుంచి రెండు ఫెల్ట్ ముక్కల మధ్యగా పోనిచ్చి, వాటి మీద మెల్లని స్ప్రింగు ఒత్తిడి పెట్టండి. 25-30 గ్రాముల బిగువు దగ్గర మొదలుపెట్టొచ్చు. చిన్న స్ప్రింగు త్రాసు తగిలించి నిదానంగా లాగితే బిగువు తెలిసిపోతుంది. రీలుకూ బాబిన్‌కూ మధ్య దూరం కాస్త ఎక్కువ ఉంచితే, తేలికైన స్ప్రింగు చెయ్యి ఒకటి పెడితే ఆ కుదుపులు చాలావరకు అదే మింగేస్తుంది. బిగువు మరీ తక్కువైతే మరో సమస్య. లోపలి చుట్లు వదులుగా ఉండి, గిటార్ సౌండు పెంచగానే అవే కంపించి కీచుమంటాయి. తర్వాత పారఫిన్ మైనంలో ముంచితే కొంత సర్దుకుంటుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి.

లెక్క నిజమేనా?

షాఫ్ట్‌కు చిన్న అయస్కాంతం అంటించి, పక్కన హాల్ సెన్సర్ పెట్టి, ఆర్డునోకి కలిపితే కౌంటర్ రెడీ. ఖర్చు కొన్ని వందల రూపాయలు. ప్రోగ్రామూ చిన్నదే. ఇక్కడే ఇంటర్వ్యూ బోర్డు కుర్చీ ముందుకు జరుపుకొంటుంది. సెన్సర్‌ను లూప్‌లో చదివారా, ఇంటరప్ట్ వాడారా? ఎందుకు? డిస్‌ప్లే మీద అంకె రాసే సమయంలో అయస్కాంతం దాటిపోతే ఏమవుతుంది? లూప్‌లో చదివితే ఆ చుట్టు జారిపోతుంది, 2వ పిన్ను మీద ఇంటరప్ట్ పెడితే జారదు. హాల్ సెన్సర్ బదులు రీడ్ స్విచ్ వాడి ఉంటే దాని లోపలి రేకులు ఒకసారి తగలాల్సింది రెండు మూడుసార్లు ఎగిరి తగులుతాయి. 8,000 చూపించేటప్పటికి నిజంగా 5,000 కూడా తిరిగి ఉండకపోవచ్చు. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల కూడా దొంగలెక్కలు పడతాయి. మోటారు రెండు చివరల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, వైర్లు దూరంగా నడిపితే తగ్గుతాయి.

మరి మీ కౌంటర్‌ను నమ్మడం ఎలా? ముందు చేత్తో 100 సార్లు తిప్పి చూడండి. అది పాసవడం తేలికే, పరీక్ష పూర్తి వేగంలో పెట్టాలి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంటే బిళ్ల మీద తెల్ల గీత గీసి వీడియో తీయండి. 1000 ఆర్పీఎం దగ్గర ఒక్కో చుట్టుకు 14 ఫ్రేములు పడతాయి. అర నిమిషం వీడియోలో చుట్లు లెక్కపెట్టి, కౌంటర్ అంకెతో పోల్చండి. విసుగు పుట్టించే పనే, కానీ ప్రాజెక్టు రిపోర్టులో ఈ ఒక్క పట్టిక మిగతా అరవై పేజీల కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

మల్టీమీటర్‌తో నిరోధం చూడటం రెండో తనిఖీ. అందులోనూ ఒక మెలిక ఉంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ ల్యాబ్‌లో 6,000 ఓములు చూపిన కాయిల్, మే నెలలో 40 డిగ్రీల వేడిలో మీ డాబా మీద సుమారు 6,470 చూపిస్తుంది. చుట్లు పెరగలేదు, ఎండ పెరిగింది. కాబట్టి కొలత పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ కొలతకు విలువ లేదు. ఇంకోటి, ఎనామిల్ చిట్లి రెండు చుట్లు కలిసిపోతే నిరోధంలో తేడా ఒక ఓము కూడా ఉండదు, మీటరు పట్టుకోలేదు.

చేతితోనా, స్టెప్పర్‌తోనా?

తీగను బాబిన్ ఈ అంచు నుంచి ఆ అంచుకు నడపాలి. వేళ్లతో నడపొచ్చు, అంచు దాటకుండా రెండు వైపులా అడ్డుపుల్లలు పెడితే చాలు. ఫెండర్‌లో తొలినాళ్లలో మనుషులు చేత్తోనే నడిపేవారు. 1956లో అక్కడ చేరిన అబిగైల్ ఇబార్రా దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టారు. ఆమె చుట్టినవాటి కోసం గిటారిస్టులు ఎగబడేవారు. చేతి పనిలో చుట్లు కాస్త చెల్లాచెదురుగా పడతాయి, పక్కపక్క చుట్ల మధ్య కెపాసిటెన్స్ తగ్గి ధ్వని తేటగా వస్తుందంటారు. అందులో భౌతికశాస్త్రం ఎంతో, మార్కెటింగ్ కూడా అంతే ఉందనిపిస్తుంది.

స్టెప్పర్ మోటారుతో నడపాలనుకుంటే కాగితం మీద లెక్క వేయండి. బాబిన్‌లో 11 మిల్లీమీటర్ల చోటు, ఎనామిల్‌తో కలిపి తీగ మందం 0.07. ఒక వరసకు దాదాపు 157 చుట్లు, మొత్తం 51 వరసలు. త్రీడీ ప్రింటర్లలో సాధారణంగా వచ్చే లీడ్ స్క్రూ ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు కదులుతుంది. 200 స్టెప్పుల మోటారుకు ఒక్కో స్టెప్పు 0.04 మిల్లీమీటర్లు. 0.07 కదలాలంటే ఎన్ని స్టెప్పులు? ఒకటిముక్కాలు! కుదరదు. మైక్రోస్టెప్పింగ్ వాడాలి, లేదా 2 మిల్లీమీటర్ల స్క్రూ తెచ్చుకోవాలి. మెకట్రానిక్స్ సబ్జెక్టులో ‘రిజల్యూషన్’ అని చదివి వదిలేసిన మాట ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టిస్తుంది. మొదటి యంత్రానికి చేతితో నడపడమే నయం. అది పనిచేశాక స్టెప్పర్ చేర్చండి.

ఉద్యోగానికి ఎక్కడ పనికొస్తుంది?

ఉన్నమాట చెప్పుకోవాలి. గిటార్ పికప్‌లు చుట్టి బతకడం మన దగ్గర కష్టం, కొనేవాళ్లు తక్కువ. పాత గిటార్ల రిపేరుతో చేతిఖర్చులు రావొచ్చు, అంతే. కానీ కాయిల్ చుట్టని పరిశ్రమ వెతికినా దొరకదు. ఫ్యాన్లు, పంపు మోటార్లు, రిలేలు, సొలినాయిడ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, విద్యుత్ వాహనాల మోటార్లు, భెల్ రామచంద్రాపురం యూనిట్లో చేసే భారీ జనరేటర్లు.. అన్నిటికీ వైండింగే ప్రాణం. అక్కడి యంత్రాలు మీ ప్లైవుడ్ యంత్రం కంటే ఎన్నో రెట్లు పెద్దవి, ఖరీదైనవి. అయినా బిగువు, లెక్క, వరస అనే మూడు తలనొప్పులూ అక్కడా ఉంటాయి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు నాట్స్ ద్వారా, ఐటీఐ వాళ్లకు న్యాప్స్ ద్వారా అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. దరఖాస్తు చేసేటప్పుడు కాయిల్ తయారీ ఉన్న సంస్థలను ప్రత్యేకంగా చూడండి. పరికరాల కోసం హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్, కొన్ని కాలేజీల్లో ఉన్న ఏఐసీటీఈ ఐడియా ల్యాబ్‌లు ఉపయోగపడతాయి. బేరింగు పట్టే బ్రాకెట్లు అక్కడ త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు.

రెడీమేడ్ ప్రాజెక్టులు ఎక్కడ అమ్ముతారో ప్రతి కాలేజీలో అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చునే ఇంజినీర్లకూ తెలుసు. అందుకే వాళ్లు ‘ఏం చేశావు?’ అన్నదాని కంటే ‘ఎక్కడ ఆగిపోయింది? ఏం మార్చావు?’ అని ఎక్కువ అడుగుతారు. కొన్న ప్రాజెక్టులో ఈ జవాబు ఉండదు. రెజ్యూమెలో ‘పికప్ వైండింగ్ మెషిన్’ అని రాసి వదిలేస్తే ఎవరూ ఆగరు. ‘0.063 మి.మీ. తీగ, 1000 ఆర్పీఎం, ఇంటరప్ట్ కౌంటర్. స్లోమోషన్ వీడియోతో సరిచూశాను’ అని రాస్తే ఎలక్ట్రికల్ ఆయన, మెకానికల్ ఆయన ఇద్దరూ ఏదో ఒకటి అడుగుతారు. అంకెలు మాత్రం మీ యంత్రానివే వేయండి, ఇక్కడివి ఎత్తి రాయొద్దు.

ఒక వంద పేజీల నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి కాయిల్‌కు తేదీ, వేగం, బిగువు, చుట్లు, నిరోధం, గది వేడి రాయండి. తెగినవీ పారేయొద్దు. ఒక్కోదాన్ని చిన్న కవర్లో వేసి, ఎన్నో చుట్టు దగ్గర తెగింది, ఎందుకు తెగిందని చీటీ అంటించండి. ఇంటర్వ్యూకు యంత్రాన్ని బస్సులో మోసుకెళ్లడం కుదరకపోతే ఫోన్‌లో అర నిమిషం వీడియో, ఆ పుస్తకం, ఒక మంచి కాయిల్, రెండు తెగిన కాయిళ్లు తీసుకెళ్లండి. తెగినవే ముందు బల్ల మీద పెట్టండి.